కీబోర్డు ముట్టుకోకుండా, ఇన్‌పుట్ అడిగే ప్రోగ్రామ్‌ను టెస్ట్ చేయడం ఎలా?

మార్కులు ఒక్కొక్కటిగా అడిగి, ఖాళీగా ఎంటర్ కొట్టగానే సగటు చూపించే చిన్న ప్రోగ్రామ్ రాశారనుకోండి. కోడ్‌లో ఒక లైను మార్చినప్పుడల్లా మళ్లీ 72, 66, 90 టైప్ చేసి చూసుకోవాలి. మొదట్లో ఓపిగ్గానే చేస్తాం. పదోసారికి 1, 2, 3 కొట్టేసి "పనిచేస్తోందిలే" అనుకుని లేచిపోతాం. ఆ టైపింగ్‌ను కంప్యూటర్‌కే అప్పజెప్పేద్దాం.

1. జవాబులను ఫైల్లో రాసి పెట్టండి

మీరు టైప్ చేసేవన్నీ లైనుకొకటి చొప్పున ఒక ఫైల్లో రాయండి. చివరి ఖాళీ లైను మర్చిపోవద్దు, అది కూడా ఒక జవాబే. టెర్మినల్‌లో ప్రోగ్రామ్ పేరు తర్వాత < గుర్తు, ఆ ఫైలు పేరు ఇస్తే, కీబోర్డు నుంచి రావాల్సిన అక్షరాలు ఫైల్లోంచి వస్తాయి. ప్రోగ్రామ్‌లో ఏమీ మార్చక్కర్లేదు. > గుర్తుతో ఫలితాన్ని ఇంకో ఫైల్లోకి పంపండి. విండోస్ పవర్‌షెల్‌లో < గుర్తు పనిచేయదు; అక్కడ ఫైల్లోని లైన్లను పైప్ (ఒక కమాండ్ ఇచ్చేదాన్ని ఇంకోదానికి అందించే | గుర్తు) ద్వారా పంపాలి.

మొదటిసారి వచ్చిన ఫలితాన్ని చేత్తో లెక్క వేసి సరిచూసుకోండి (పై మార్కులకు సగటు 76). సరిగ్గా ఉంటే ఆ ఫైలును "రావాల్సిన జవాబు"గా దాచండి. ఇకపై కొత్త ఫలితాన్ని డిఫ్ కమాండ్‌తో దానితో పోల్చడమే పని. డిఫ్ ఏమీ అనకపోతే రెండూ ఒకటే, ఎగ్జిట్ కోడ్ (ముగిసేటప్పుడు కమాండ్ వదిలి వెళ్లే అంకె) 0 వస్తుంది. తేడా ఉంటే 1.

ఆ ఫలితం ఫైలు తెరిస్తే "మార్కు: మార్కు: మార్కు:" అని ప్రశ్నలన్నీ ఒకే లైన్లో అతుక్కుని కనిపిస్తాయి. కంగారు పడకండి. మామూలుగా ఎంటర్ కొట్టినప్పుడు లైను మారేది ప్రోగ్రామ్ వల్ల కాదు, మీరు కొట్టిన ఎంటర్‌ను టెర్మినల్ తెర మీద చూపించడం వల్ల. ఇక్కడ ఆ టెర్మినల్ లేదు.

2. చెడ్డ జవాబులూ ఇవ్వండి

నిజమైన బగ్గులు దొరికేది ఇక్కడే. ఒక్క ఖాళీ లైను మాత్రమే ఉన్న ఫైలు (సున్నాతో భాగహారం జరుగుతుందేమో), అక్షరాలున్న ఫైలు, -5, 101, అంకె తర్వాత ఖాళీ జాగా, అసలేమీ లేని ఫైలు... ఒక్కో దానికి ఒక్కో టెస్టు రాయండి. జవాబులు మధ్యలో అయిపోతే పైథాన్ ఇన్‌పుట్ ఫంక్షన్ ఈఓఎఫ్ ఎర్రర్ (ఇన్‌పుట్ అయిపోయిందని) ఇస్తుంది. సీ భాషలో స్కాన్ఎఫ్‌ది ఇంకో తంటా: అంకె అడిగినచోట అక్షరం వస్తే దాన్ని తీసుకోకుండా అక్కడే వదిలేస్తుంది. మీరు రిటర్న్ విలువ చూసుకోకపోతే లూప్ అదే అక్షరం దగ్గర తిరుగుతూనే ఉంటుంది. అందుకే లినక్స్‌లో ప్రతి టెస్టునూ టైమవుట్ కమాండ్ కింద, 5 సెకన్ల గడువుతో నడపండి. గడువు దాటితే అది ప్రోగ్రామ్‌ను ఆపేసి, 124 ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది.

జావా వాళ్లకో మాట. రెండు మెథడ్లలో రెండు స్కానర్లు (ఇన్‌పుట్ చదివిపెట్టేవి) తెరిస్తే, కీబోర్డుతో బాగానే నడిచి, ఫైలుతో దెబ్బతింటుంది. మొదటి స్కానర్ ముందుగానే బోలెడు లైన్లు తన బఫర్‌లోకి (తాత్కాలికంగా దాచుకునే చోటు) లాగేసుకుంటుంది, రెండోదానికి ఏమీ మిగలదు. ఒకే స్కానర్ చేసి అందరికీ అందించండి.

3. అడిగే కోడ్‌ను, లెక్క చేసే కోడ్‌ను విడదీయండి

ఒక్క మెట్టే ఎక్కే ఓపిక ఉంటే ఇదే ఎక్కమంటాను. సగటు లెక్కించే ఫంక్షన్‌కు కీబోర్డు సంగతే తెలియకూడదు. అంకెల జాబితా తీసుకుని జవాబు ఇస్తే చాలు. దానికి మామూలు యూనిట్ టెస్టులు (ఒక్కో ఫంక్షన్‌ను విడిగా పరీక్షించేవి) సరిపోతాయి, టెస్టుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉండాలి. ప్రశ్నలడిగే ఫంక్షన్‌కు ఎక్కడి నుంచి చదవాలో బయటినుంచి ఇవ్వండి: టెస్టులో పైథాన్ అయితే స్ట్రింగ్ఐఓ, సీ ప్లస్ ప్లస్ అయితే ఐస్ట్రింగ్‌స్ట్రీమ్. రెండూ కోడ్‌లో రాసిన మాటలనే ఇన్‌పుట్‌లా చదివిస్తాయి.

పాత పైథాన్ కోడ్‌ను కదిలించే వీల్లేకపోతే, మాక్ ప్యాచ్‌తో (టెస్టు నడిచేంతసేపు అసలు ఫంక్షన్ బదులు నకిలీది పెట్టే సాధనం) ఇన్‌పుట్ ఫంక్షన్ స్థానంలో జవాబుల జాబితా పెట్టవచ్చు. మీరిచ్చినవి నాలుగే అయి, ప్రోగ్రామ్ ఐదోసారి అడిగితే టెస్టు స్టాప్ ఇటరేషన్ ఎర్రర్‌తో పడిపోతుంది. మంచిదే, అదనంగా ఎందుకు అడిగిందో వెంటనే వెతకవచ్చు.

4. నిజంగా టెర్మినల్ కావాల్సినచోట

కొన్ని ప్రోగ్రామ్‌లు అవతల ఉన్నది టెర్మినలా కాదా అని చూసుకుంటాయి. పాస్‌వర్డ్ అడిగేవి చాలావరకు టెర్మినల్‌నే నేరుగా చదువుతాయి, మీ ఫైలును అసలు పట్టించుకోవు. వీటికి ఉత్తుత్తి టెర్మినల్ చూపించాలి. 1990లో డాన్ లైబ్స్ తయారుచేసిన ఎక్స్‌పెక్ట్ అనే టూల్ చేసేది అదే. అందులో స్పాన్ కమాండ్ ప్రోగ్రామ్‌ను మొదలుపెడుతుంది, ఎక్స్‌పెక్ట్ ఫలానా మాట కనిపించేదాకా ఆగుతుంది, సెండ్ టైప్ చేస్తుంది. పైథాన్‌లో ఇదే పనికి పీఎక్స్‌పెక్ట్ ఉంది.

"రెండు సెకన్లు ఆగి పంపు" అని రాయకండి. మెషీన్ నెమ్మదించిన రోజున టెస్టు ఊరికే ఫెయిలవుతుంది. ప్రశ్న కనిపించేదాకా ఆగమనండి. ఎక్స్‌పెక్ట్ మామూలుగా 10 సెకన్లు చూసి, ఏమీ రాకపోతే చప్పుడు చేయకుండా తర్వాతి లైనుకు వెళ్లిపోతుంది! టైమవుట్ అయితే ఏం చేయాలో మీరే చెప్పాలి. పీఎక్స్‌పెక్ట్ 30 సెకన్లు ఆగి ఎర్రర్ ఇస్తుంది.

నేను చాలాకాలం మోసపోయినదొకటి చెప్తాను. మూడు మార్కులూ 80 పంపి, "80" కోసం ఎదురుచూసే టెస్టు రాశాను. ఎప్పుడు నడిపినా పాస్. తీరా చూస్తే ప్రోగ్రామ్ సగటే చూపించడం లేదు. నేను పంపిన 80నే టెర్మినల్ తిరిగి చూపిస్తే, టెస్టు దాన్నే జవాబనుకుంది. అందుకని "సగటు: 80" అని పూర్తి మాట కోసం చూడండి.

ఉత్తుత్తి టెర్మినల్ బదులు పైపులతో సంభాషణ నడపబోతే ఇంకో చిక్కు. అవతల పైపు ఉంటే చాలా భాషలు ప్రశ్నను వెంటనే బయటికి వదలవు, బఫర్ నిండేదాకా దాచుకుంటాయి. ప్రశ్న రాలేదని టెస్టు, జవాబు రాలేదని ప్రోగ్రామ్ ఒకదానికోసం ఒకటి చూస్తూ కూర్చుంటాయి. ప్రశ్న వేసిన వెంటనే ఫ్లష్ చేస్తే (బఫర్‌లో ఉన్నదాన్ని బయటికి నెట్టేస్తే) ఈ చిక్కు పోతుంది.

5. అన్నీ ఒక్క స్క్రిప్టులో

ఇన్‌పుట్ ఫైళ్లన్నిటినీ వరసగా నడిపే చిన్న స్క్రిప్టు రాసి, ఏ ఒక్కటి తప్పినా సున్నా కాని ఎగ్జిట్ కోడ్ ఇచ్చేలా చూడండి. ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసే సర్వర్ చూసేది దాన్నే. ఇన్‌పుట్ అవసరం లేదనుకున్న టెస్టులకు కూడా డెవ్ నల్‌ను (చదివితే ఎప్పుడూ ఖాళీగానే ఉండే ఫైలు) ఇన్‌పుట్‌గా తగిలించండి. ఎవరైనా పొరపాటున "కొనసాగించాలా?" అనే కొత్త ప్రశ్న చేర్చినా, రాత్రంతా జవాబు కోసం ఎదురుచూడకుండా ఆ క్షణమే ఇన్‌పుట్ అయిపోయిందని తేలిపోతుంది.