రోటరీ ఇంజిన్ పాఠాలు – 3: ప్లగ్గుల్ని చదవడం

పోయిన పాఠంలో మాజ్డా ఆర్ఎక్స్-8 (పిస్టన్లకి బదులు మూడు మూలల రోటర్లు రెండు తిరిగే రోటరీ ఇంజిన్ కారు) ఎడమ ముందు చక్రం విప్పి, ఆ సందులోంచి చెయ్యి దూర్చి స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీశాం. మోచేతి మీద గీతలు మానాయా? అయితే మొదలుపెడదాం.

తీసిన ప్లగ్గులన్నీ ఒకే డబ్బాలో పడేసినవాళ్లకి ఈ పాఠం సగమే ఉపయోగం. ఏ ప్లగ్గు ఏ కన్నంలోంచి వచ్చిందన్నదే ఇక్కడ అసలు విషయం. ఒక అట్టముక్క తీసుకుని నాలుగు గళ్లు గీయండి. ఒక్కో రోటర్‌కి రెండు ప్లగ్గులు: ముందు నిప్పురవ్వ ఇచ్చేది లీడింగ్, కాస్త వెనక ఇచ్చేది ట్రెయిలింగ్. పై వరస ట్రెయిలింగ్, కింది వరస లీడింగ్. ఎడమ గళ్లు ముందు రోటర్‌వి, కుడి గళ్లు వెనక రోటర్‌వి. కారుకి ఎడమ పక్కన నిలబడి ఇంజిన్‌కేసి చూస్తే ప్లగ్గులు ఉండేది కూడా ఇదే వరసలో. టీ1, టీ2, ఎల్1, ఎల్2 అని రాసి, ఏ గడిది ఆ గడిలో పెట్టండి. గుడ్డతో తుడవద్దు. తుడిస్తే చదవడానికి ఏమీ మిగలదు.

చిన్నప్పుడు బండి స్టార్ట్ కాకపోతే మెకానిక్ ప్లగ్గు విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది, ఉఫ్ అని ఊది మళ్లీ బిగించడం మనందరం చూసిందే. ఇక్కడ ఆ పని చేయొద్దు. వీటి మధ్య ఎలక్ట్రోడ్ సన్నటి ఇరిడియం ముక్క, రుద్దితే పాడవుతుంది. బండి ప్లగ్గు చూసి చెప్పే లెక్కలు కూడా ఇక్కడ పూర్తిగా కుదరవు. ఫోర్ స్ట్రోక్ బండిలో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మంట. రోటరీలో షాఫ్ట్ తిరిగే ప్రతి చుట్టుకీ ఒక్కో రోటర్‌లో ఒక మంట. అంటే 6000 ఆర్‌పీఎం దగ్గర ప్రతి ప్లగ్గూ సెకనుకి 100 మంటలు చూస్తుంది. దానికి తోడు, రోటర్ మూలల్లో ఉండి గ్యాస్ కారకుండా ఆపే అపెక్స్ సీళ్లు అరిగిపోకుండా ఇంజినే కొద్దికొద్దిగా ఆయిల్‌ని లోపలికి చిమ్ముతుంది. కాబట్టి అంచుల్లో బూడిదరంగు పొలుసు, కాస్త మసి కనిపిస్తే టెన్షన్ పడకండి. ఈ ఇంజిన్ తీరే అంత. పింగాణీ లేత గోధుమ రంగులోనో, బూడిద కలిసిన గోధుమ రంగులోనో ఉంటే బాగున్నట్టే.

పై వరసనీ కింది వరసనీ ఒకదానితో ఒకటి పోల్చవద్దు. అవి రెండూ వేరు జాతులు. ట్రెయిలింగ్ ప్లగ్గు ముందు ఉండే కన్నం చాలా చిన్నది. అపెక్స్ సీల్ దాని మీదుగా దాటేటప్పుడు రోటర్ చుట్టూ ఉండే ఒక గదిలోంచి పక్క గదిలోకి గ్యాస్ కారకూడదని అలా పెట్టారు. ఆ ఇరుకులో వేడి ఎక్కువ నిలుస్తుంది కాబట్టి అక్కడ చల్లటి ప్లగ్గు, అంటే వేడిని త్వరగా వదిలేసేది కావాలి. ప్లగ్గుల కంపెనీ ఎన్‌జీకే అంకెల్లో లీడింగ్‌కి 7, ట్రెయిలింగ్‌కి 9. అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిదని అర్థం. మర రెండింటికీ ఒకటే కావడంతో తారుమారైనా హాయిగా బిగుస్తాయి. చిక్కంతా అక్కడే. పాత కారు కొన్నవాళ్లు రంగు సంగతి తర్వాత, ముందు ప్లగ్గు మీద అంకె చూడండి.

ఇప్పుడు అట్టని చదవండి. నాలుగూ ఒకేలా పొడి మసితో నల్లగా ఉంటే తప్పు ప్లగ్గులది కాదు. పెట్రోల్ ఎక్కువ పోతోంది, లేదా గాలి సరిగా అందడం లేదు, లేదంటే కారు రోజూ వీధి చివరి దుకాణం దాకా వెళ్లి వస్తోంది. నాలుగూ తడిగా, పెట్రోల్ వాసన కొడుతుంటే ఇంజిన్ ఫ్లడ్ అయింది. ఇంటి ముందు కారు కాస్త పక్కకి జరిపి వెంటనే ఆపేసేవాళ్లకి ఇది బాగా తెలిసిన సంగతి. నిలువుగా ఒక రోటర్ తాలూకు రెండూ మాత్రమే తేడాగా ఉంటే ఆ రోటర్‌ని అనుమానించాలి. ఆ రెండూ కడిగినంత శుభ్రంగా ఉండి, కూలెంట్ కూడా తగ్గుతుంటే లోపలి కూలెంట్ సీల్ పోయి ఉండొచ్చు. పింగాణీ తెల్లగా మాడి, బొబ్బల్లా కనిపిస్తే వేడి మితిమీరింది. ఎలక్ట్రోడ్ వంగిపోయి ఉంటే మాత్రం ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయకండి. లోపల ఏదో విరిగి దానికి తగిలిందన్నమాట.

ఒక్క గడి మాత్రమే తేడాగా ఉన్నప్పుడే అసలు సరదా. నా 2004 కారులో ఎల్2 ఒక్కటే దీపం చిమ్నీలా నల్లగా వచ్చింది. దాని పైనున్న టీ2 చక్కగా గోధుమ రంగులో ఉంది. కారు నడుస్తూనే ఉంది, కాకపోతే మైలేజీ తగ్గింది, వెనక పెట్రోల్ వాసన. ఒకే గదిలో రెండు ప్లగ్గులుండటంతో ఒకటి మొరాయిస్తే రెండోది పరువు కాపాడుతుంది, మనకి తెలియనివ్వదు. ఈలోగా కాలని పెట్రోల్ వెళ్లి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. ఈ కారులో నిప్పురవ్వకి కరెంటు ఇచ్చే కాయిల్ ప్లగ్గుకొకటి ఉంటుంది కాబట్టి, కొత్త ప్లగ్గులు వేసి ఎల్1, ఎల్2 కాయిళ్లని మార్చి పెట్టాను. రెండు రోజులు నడిపి విప్పితే మసి ఎల్1కి మారింది! కాయిల్ దొంగ దొరికాడు. మసి ఎల్2లోనే ఉండిపోయి ఉంటే వైరుని పట్టుకునేవాణ్ణి.

ఇంటిపని: ఓ 20 నిమిషాలు హైవే మీద నడిపి, ఇంటికొచ్చాక ఐడిల్‌లో ఉంచకుండా ఆపేయండి. ఐడిల్‌లో ఉంచితే ఆ చివరి నిమిషాల మసే కనిపిస్తుంది. పూర్తిగా చల్లారాకే విప్పండి, హౌసింగ్ అల్యూమినియం, వేడి మీద తిప్పితే మరలు ఊడొస్తాయి. అట్ట మీద పెట్టి ఫొటో తీసి, కిలోమీటర్ల లెక్క రాసుకోండి.

ప్లగ్గులు నాలుగూ ముద్దొచ్చేలా ఉన్నా పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ కాకుండా సతాయిస్తుంటే, అది ప్లగ్గు చెప్పగలిగే సంగతి కాదు. కంప్రెషన్, అంటే రోటర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూడాలి. ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలు, మూడింటికీ మూడు రీడింగులు కావాలి, మామూలు గేజ్ దానికి సరిపోదు. ఆ పని నాలుగో పాఠంలో.