ఇంటి గ్రానైట్ గచ్చు మీద కర్లింగ్ డెలివరీ సాధన

కర్లింగ్ అంటే మంచు మీద బరువైన గ్రానైట్ రాయిని గురివైపు జార్చే ఆట; రాయిని అలా జార్చి వదలడమే డెలివరీ. 2014 సోచి ఒలింపిక్స్‌లో జెన్నిఫర్ జోన్స్ నాయకత్వంలోని కెనడా మహిళల జట్టు ఆడిన 11 మ్యాచ్‌లూ గెలిచి స్వర్ణం తీసుకుంది. ఆమె స్కిప్, అంటే జట్టు కెప్టెన్. ప్రతి ఎండ్‌లో, అంటే రెండు జట్లూ తమ రాళ్లన్నీ వేసే ఒక్కో విడతలో, జట్టు చివరి రెండు రాళ్లూ ఆమే వేసేది. అంత ఒత్తిడిలో రాయి గీత తప్పకుండా వెళ్లాలంటే చేతిబలం కన్నా కాళ్ల నిలకడ ముఖ్యం. అది మంచు లేకుండానే పట్టుబడుతుంది. శ్రీకాకుళంలోనో టెక్కలిలోనో పాలిష్ గ్రానైట్ పరిచిన హాలు ఉంటే చాలు.

రాయి బదులు పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె తీసుకోండి. బూడిద దులిపి, అడుగున తువ్వాలు బిగించి కట్టండి. అసలు రాయి 17 నుంచి 20 కిలోల దాకా తూగుతుంది. దాన్ని ఎత్తరు, జారుస్తారు కాబట్టి పెట్టె తేలికైనా ఫరవాలేదు. కుడిచేతివాళ్లు ఎడమ కాలికి మందపాటి మేజోడు, కుడి కాలికి రబ్బరు బూటు వేసుకోవాలి. గచ్చు మీద నీటి చుక్క ఉండకూడదు.

గోడకు వీపు పెట్టి గొంతుక్కూర్చోండి. కుడి కాలి మునివేళ్లు గోడ అడుగుకు ఆనించండి. ఎదురుగా పలకల అతుకు గీతే మీ గురి. నడుము కొంచెం లేపి పెట్టెను, ఎడమ పాదాన్ని వెనక్కి లాగండి. ఇప్పుడు ముందు పెట్టె కదలాలి, తర్వాత పాదం, ఆఖర్న కుడి కాలి తోపు. ఈ వరస తారుమారైతే పాదం పెట్టెకు అడ్డొస్తుంది, గీత పోతుంది. జారేటప్పుడు ఎడమ పాదం సరిగ్గా రొమ్ము కిందికి రావాలి, కుడి కాలు వెనక్కి తిన్నగా చాపుకోవాలి. ఇక్కడ రెండు మూడు అడుగులే జారతారు, అది చాలు.

ఆగాక పెట్టె మీంచి చెయ్యి తీసి చూడండి. ముందుకు తూలితే బరువంతా చేతి మీదే ఉందన్నమాట. పక్కకు పడితే పాదం మధ్యకు రాలేదు. ఈ రెండూ సరిపడేదాకా వదలడం జోలికి పోవద్దు.

వదిలేటప్పుడు పెట్టె ముక్కు గడియారంలో 10 వైపు నుంచి 12కి తిరగాలి. అలా తిరిగిన రాయి మంచు మీద కుడికి వంగుతుంది. 2 నుంచి 12కి తిప్పితే ఎడమకు. చేత్తో తోస్తే తిప్పు పాడవుతుంది. అసలు తిరగని రాయి ఎటు పోతుందో చెప్పలేం. మంచు మీదైతే హ్యాక్ (గోడ బదులు కాలు ఆనించే ఆధారం) నుంచి సుమారు 10 మీటర్ల దూరంలోని హాగ్ లైన్ అనే అడ్డగీత దాటకముందే రాయిని వదిలెయ్యాలి.

ఎడమ మోకాలు పట్టేస్తే ఆ పూటకు ఆపెయ్యండి. మొదలుపెట్టే ముందు పది గుంజీళ్లు తప్పనిసరి.