పాత సిమెంటు రేకులు దింపే ముందు

నల్లగొండ, మిర్యాలగూడ దిక్కు పాత ఇళ్లకు, కోళ్ల ఫారాలకు, రైస్ మిల్లులకు సిమెంటు రేకులే ఎక్కువ. వాటిలో ఆస్బెస్టాస్ అనే, సన్నటి పోగులుండే ఖనిజం ఉంటుంది. రేకు గట్టిగా ఉంటే కదపకండి, ప్రమాదం దాన్ని పగలగొట్టినప్పుడు, కోసినప్పుడు లేచే దుమ్ముతోనే. ఆ పోగులు కంటికి కనపడవు, ఊపిరితిత్తుల్లో దిగితే బయటికి రావు, క్యాన్సర్ 20 నుంచి 40 ఏళ్ల తర్వాత బయటపడొచ్చు. సిగరెట్ తాగేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

తప్పదనుకుంటే ఈ పని తెలిసినవాళ్లతోనే చేయించండి, మీరు ఇవి చూసుకోండి.

పిల్లల్ని, గర్భిణుల్ని, గొడ్లను దూరం పంపండి. నీళ్ల తొట్టి, బావి, పక్కింటి కిటికీలు మూసేయించండి. కరెంటు ఆపాకే రేకులను సబ్బు నీళ్లతో తడపాలి, ఆరితే మళ్లీ తడపాలి. తడి రేకు జారుతుంది, పాతది అడుగు వేస్తే విరుగుతుంది, దాని మీద ఎక్కనివ్వొద్దు.

మూతికి కట్టిన తువ్వాల, మామూలు మాస్క్, ఎన్95 కూడా దీనికి చాలవు. అతి సన్నటి దుమ్మును ఆపే ఎఫ్ఎఫ్‌పీ3 గానీ, పీ100 ఫిల్టర్ మాస్క్ గానీ ఉండాలి, గడ్డం ఉంటే మాస్క్ ముఖానికి అతుక్కోదు.

సుత్తితో కొట్టొద్దు, గ్రైండర్ అసలే వద్దు. బోల్టు తుప్పు పట్టి తిరగకపోతే తడిపి, రేకును కాకుండా బోల్టునే చేత్తో వాడే బోల్ట్ కట్టర్‌తో కత్తిరించాలి. రేకును పైనుంచి విసరకుండా చేతికందించి దింపాలి.

ముక్కల్ని చీపురుతో ఊడవకండి. తడి గుడ్డతో తుడిచి, రెండు పొరల మందపాటి పాలిథిన్‌లో చుట్టండి. చెరువు కట్టకో, పొలం గట్టుకో పారేయొద్దు, ఇది చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం, ఎక్కడికి పంపాలో కాలుష్య నియంత్రణ మండలిని ముందే అడగండి.

పనిబట్టలు ఇంటి బట్టలతో కలపొద్దు.