ప్రభుత్వ భవనాన్ని డిస్ట్రిక్ట్ ఎనర్జీకి కలిపేటప్పుడు పర్యావరణ సమీక్ష చేయడం ఎలా

ఒక ప్లాంటులో వేడినీళ్లో చల్లటి నీళ్లో తయారుచేసి, భూగర్భ పైపుల్లో అనేక భవనాలకు పంపే ఏర్పాటును డిస్ట్రిక్ట్ ఎనర్జీ అంటారు. ఆసుపత్రి, కోర్టు, లైబ్రరీ వంటి భవనాన్ని దానికి కలిపే ముందు రాసే పర్యావరణ సమీక్షలు తరచూ ఒకే చోట బోల్తా పడతాయి: భవనం గోడ దాటి చూడవు. బాయిలర్ తీసేశాం, చిమ్నీ పోయింది, కాబట్టి ఉద్గారాలు సున్నా అని తేల్చేస్తాయి. పొయ్యిని పక్కింటికి మార్చినంత మాత్రాన పొగ ఆగదు. కింది ఉదాహరణ వేడినీళ్ల కనెక్షన్‌ది. చల్లటి నీళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

ముందు హద్దులు గీయండి

మ్యాపు మీద నాలుగు చోట్లు గుర్తించండి: భవనంలోని మెషిన్ రూమ్, మెయిన్ లైను నుంచి భవనం దాకా వేసే పైపు దారి, ప్లాంటులో ఈ భవనం కోసం అదనంగా జరిగే ఉత్పత్తి, తీసేసే పాత సామాన్లు పోయే చోటు. పైపు పని ఒక ఫైలు, ప్లాంటు విస్తరణ ఇంకో ఫైలు, పాత బాయిలర్ల తొలగింపు మూడో ఫైలు అయితే ప్రతిదీ చిన్నదిగానే కనిపిస్తుంది. అభ్యంతరాలు మొదట వచ్చేది ఇక్కడే.

ప్లాంటు నిర్వాహకులను రాతపూర్వకంగా అడగండి: పీక్ సమయంలో (వాడకం అత్యధికంగా ఉన్నప్పుడు) మా లోడుకు, అంటే మాకు కావలసిన వేడికి సరిపడా ఖాళీ సామర్థ్యం ఉందా? కొత్త బాయిలర్ గానీ చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) గానీ పెట్టాలా? పెట్టాల్సి వస్తే దాని పొగ, శబ్దం, నీటి వాడకం కూడా ఈ సమీక్షలోకే వస్తాయి. అవసరానికి మించిన సైజు పైపు వేస్తుంటే అది ఏ భవనాల కోసమో కూడా రాయాలి.

లోడును బిల్లుల నుంచే తీయండి, బాయిలర్ నేమ్‌ప్లేటు మీది సామర్థ్యం నుంచి వద్దు. పాత భవనాల్లో బాయిలర్లు అవసరానికి మించి పెద్దవిగా ఉంటాయి, పైగా ఒకటి స్టాండ్‌బై. మూడేళ్ల ఇంధనం బిల్లులు తీసుకుని, ఆ ఏళ్లలో చలి ఎంత పడిందో చూసి సరిచేయండి. ప్రత్యామ్నాయాలు కనీసం నాలుగు ఉండాలి: ఉన్నది ఉన్నట్టు వదిలేయడం, అక్కడే కొత్త బాయిలర్, అక్కడే హీట్ పంప్ (బయటి వేడిని కరెంటుతో లోపలికి లాగే యంత్రం), కనెక్షన్. నాలుగింటికీ ఒకే లోడు, ఒకే కాలవ్యవధి వాడాలి. అసలు ఏమీ చేయకపోతే పాత బాయిలర్ ఎప్పటికీ అలాగే నడుస్తుందని ఊహించుకోకండి. అదీ ఏదో ఒక రోజు మార్చాల్సిందే.

ఉద్గారాల లెక్క

ఒక భవనం ఏటా 9 లక్షల యూనిట్ల (కిలోవాట్ గంటల) సహజ వాయువు కాలుస్తోందనుకుందాం. యూనిట్‌కు 0.202 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున ఏడాదికి 182 టన్నులు. బాయిలర్ సామర్థ్యం 80 శాతం అయితే భవనానికి నిజంగా అందే వేడి 7.2 లక్షల యూనిట్లు.

ఇప్పుడు ఆ వేడి ప్లాంటు నుంచి రావాలి. పైపుల్లో 12 శాతం నష్టం ఉంటే ప్లాంటు 8.18 లక్షల యూనిట్లు పంపాలి. ప్లాంటు కూడా గ్యాస్ బాయిలర్‌తోనే 90 శాతం సామర్థ్యంతో నడుస్తుంటే కాల్చే గ్యాసు 9.09 లక్షల యూనిట్లు, ఉద్గారం 184 టన్నులు. అంటే రోడ్డంతా తవ్వి, పాత బాయిలర్ తీసేసి, ఒక్క టన్ను కూడా తగ్గించలేదు. మంచి బాయిలర్ లాభాన్ని పైపు నష్టం మింగేసింది.

అదే ప్లాంటులో ఏడాది సగటున 3 కోఎఫిషెంట్‌తో (ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి) నడిచే హీట్ పంప్ ఉంటే 2.73 లక్షల యూనిట్ల కరెంటు చాలు. అప్పుడు ఫలితం గ్రిడ్ మీద ఆధారపడుతుంది: యూనిట్ కరెంటుకు 0.5 కిలోలైతే 136 టన్నులు, 0.7 అయితే 191. సుమారు 0.67 దగ్గర లాభనష్టాలు సమానం. నివేదికలో ఒకే అంకె ఇచ్చి ఊరుకోకుండా ఈ మలుపు ఎక్కడుందో చూపించండి. విద్యుత్ కేంద్రం నుంచి తెచ్చే వేడి కూడా పూర్తిగా ఉచితం కాదు. టర్బైన్ మధ్యలో ఆవిరి తీస్తే కరెంటు కొంత తగ్గుతుంది, ఆ తగ్గుదలను లెక్కలో చూపాలి.

పైపు నష్టం విషయంలో నెట్‌వర్క్ సగటు శాతం తీసుకుని ఊరుకుంటారు. మీ కొత్త శాఖకు విడిగా లెక్క వేయండి. పైపు తయారీదారు మీటరుకు ఎన్ని వాట్ల నష్టమో ఇస్తారు. రెండు పైపులకు కలిపి 30 వాట్లు, దారి 180 మీటర్లు అనుకుంటే ఏడాదికి 47 వేల యూనిట్లు, మన భవనం లోడులో 6.6 శాతం. వేసవిలో భవనానికి వేడి అక్కర్లేకపోయినా పైపులు వేడిగా ఉన్నంత కాలం ఈ నష్టం ఆగదు.

చల్లటి నీళ్ల కనెక్షన్ అయితే రిఫ్రిజిరెంట్‌ను (చిల్లర్‌లో తిరిగే శీతలీకరణ వాయువును) మరవకండి. ఆర్-134ఎ అనే రిఫ్రిజిరెంట్ 200 కిలోలు ఉన్న మీ పాత చిల్లర్ నుంచి ఏటా 5 శాతం లీకైతే, గ్లోబల్ వార్మింగ్ పొటెన్షియల్ (కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే ఎన్ని రెట్లు వేడెక్కిస్తుందో చెప్పే అంకె) 1,430 చొప్పున 14.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. దీన్ని ఆదాగా చూపిస్తే ప్లాంటు చిల్లర్ల లీకులో మీ వాటాను కూడా ఖర్చుగా చూపాలి. కూలింగ్ టవర్ నీటికీ ఇదే న్యాయం: బయటికి పంపే ప్రతి యూనిట్ వేడికీ దాదాపు లీటరున్నర నీరు ఆవిరవుతుంది. లవణాల సాంద్రత నాలుగు రెట్ల దగ్గర నిలపాలంటే బ్లోడౌన్‌గా (లవణాలు పేరుకున్న నీటిని బయటికి వదలడం) మరో అర లీటరు వదలాలి.

భవనం లోపల

ఇది మెకానికల్ ఇంజనీర్ల పని, పర్యావరణానికి ఏం సంబంధం అనుకుంటారు. సంబంధం చాలా ఉంది. పాత రేడియేటర్లు 82 డిగ్రీల నీరు లోపలికి, 71 డిగ్రీలు బయటికి అన్న లెక్కతో పెట్టినవి కావచ్చు. నెట్‌వర్క్‌కు మారాక 70 డిగ్రీల నీరు ఇచ్చి 50కి వెనక్కి రావాలంటే, గది 20 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు అవే రేడియేటర్లు పాత వేడిలో సుమారు 64 శాతమే ఇస్తాయి. చాలకపోతే జనం టేబుళ్ల కింద కరెంటు హీటర్లు పెట్టుకుంటారు, కాగితం మీది ఆదా అక్కడే కరిగిపోతుంది. ఒప్పందానికి ముందే చలికాలంలో పాత బాయిలర్ నీటిని 70 డిగ్రీలకు తగ్గించి, ఫ్లో కూడా తగ్గించి నడపండి. ఏ గదులు చల్లబడతాయో తెలుస్తుంది. వాడుక వేడినీటి ట్యాంకును మాత్రం 60 డిగ్రీల కంటే తగ్గించకండి, లీజియోనెల్లా బాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది.

రిటర్న్ నీటి వేడి కూడా ముఖ్యం. 600 కిలోవాట్ల లోడుకు 20 డిగ్రీల తేడా ఉంటే సెకనుకు 7.2 లీటర్లు చాలు. తేడా 10కి పడిపోతే 14.3 లీటర్లు కావాలి. అదే పైపులో ఫ్లో రెట్టింపైతే పంపు పవర్ సుమారు ఎనిమిది రెట్లవుతుంది. మూడు దారుల పాత త్రీ-వే వాల్వులు వేడినీటిని వాడకుండానే రిటర్న్‌లో కలిపేయడం దీనికి మామూలు కారణం. వాటిని అక్కర్లేని నీటిని ఆపేసే టూ-వే వాల్వులుగా మార్చే పనిని ప్రాజెక్టులో భాగంగా రాయండి.

తవ్వకం

180 మీటర్ల దారిలో 150 మి.మీ. పైపులు రెండు వేయాలి. ఇన్సులేషన్‌తో కలిపి ఒక్కోటి 250 మి.మీ. ట్రెంచ్ 1.1 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు తీసుకుంటే 238 ఘనపు మీటర్ల మట్టి. అడుగున పైపులు, ఇసుక అర మీటరు ఎత్తు ఆక్రమిస్తాయి కాబట్టి తిరిగి పూడ్చలేని మట్టి 99 ఘనపు మీటర్లు, తవ్వాక ఉబ్బి 124 అవుతుంది. పది ఘనపు మీటర్ల లారీలకు 12, 13 ట్రిప్పులు, పైపుల పరిమాణం పోను ఇసుక తేవడానికి ఇంకో 8, 9. "స్వల్ప ట్రాఫిక్ ప్రభావం" అని రాసే బదులు ఈ అంకెలు ఇవ్వండి, చదివేవారు తామే తేల్చుకుంటారు.

చెట్ల విషయంలో వాడే ఒక కొలత: కాండం వ్యాసానికి 12 రెట్ల దూరం వేర్ల రక్షణ ప్రాంతం. 50 సెం.మీ. కాండం ఉంటే చుట్టూ 6 మీటర్లు. దారి మార్చలేకపోతే అక్కడ చేత్తో తవ్వాలి. వేడి పైపు పక్క మట్టిని ఎండగొడుతుందని కూడా గుర్తుంచుకోండి. భూగర్భ జలం పైకి ఉంటే ట్రెంచ్ నీటిని తోడి ఎక్కడ వదులుతారో ముందే తేల్చాలి. మురికి నీరు నేరుగా వాననీటి కాలువలోకి పోకూడదు. ఈ పైపులు నింపడానికే 7 ఘనపు మీటర్ల నీరు కావాలి, ఫ్లషింగ్‌కు (లోపల కడగడానికి) అలా కొన్నిసార్లు నింపి ఖాళీ చేయాలి. ఆ నీళ్లలో తుప్పు, వెల్డింగ్ చెత్త, కొన్నిసార్లు రసాయనాలు ఉంటాయి. మురుగు వ్యవస్థ అనుమతి తీసుకోండి.

పాత సామాన్లు

పాత బాయిలర్, పైపుల లాగింగ్‌లో (వేడి పోకుండా చుట్టిన పొరలో) ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు; ఒక్క బోల్టు విప్పే ముందే శాంపిల్ పరీక్ష కావాలి. భూగర్భ ఆయిల్ ట్యాంకు ఉంటే దాని చుట్టూ మట్టి పరీక్ష, చిల్లర్ ఉంటే రిఫ్రిజిరెంట్ రికవరీ రసీదు. చిమ్నీ కూల్చే ముందు అందులో పక్షులు, గబ్బిలాలు ఉన్నాయేమో చూడండి. పాత బాయిలర్‌ను బ్యాకప్‌గా ఉంచుకుంటే తొలగించినట్టు లెక్క రాయకూడదు: నెలవారీ టెస్ట్ రన్ గంటలు, కాలే ఇంధనం ఉద్గారాల పట్టికలో చేరాలి.

షరతులు ఎలా రాయాలి

"తగిన జాగ్రత్తలు తీసుకోబడును" అనే వాక్యాన్ని ఎవరూ అమలు చేయించలేరు. పని, బాధ్యుడు, గడువు, రుజువు నాలుగూ ఉండాలి: రాత్రి 8 తర్వాత రాక్ బ్రేకర్ వాడకూడదు, కాంట్రాక్టర్ రోజూ లాగ్ బుక్ ఇవ్వాలి, సైట్ ఇంజనీరు సంతకం చేయాలి అన్నట్టు. కనెక్షన్ దగ్గర ఎనర్జీ మీటరు సప్లై, రిటర్న్ వేడి, ఫ్లో మూడూ గంట గంటకూ నమోదు చేసేలా ఒప్పందంలోనే పెట్టండి. మొదటి చలికాలం పూర్తయ్యాక ఆ రీడింగులను, ప్లాంటు ఏడాది ఇంధన మిశ్రమాన్ని పక్కపక్కన పెట్టి పైన వేసిన లెక్కను మళ్లీ వేసే బాధ్యత ఎవరిదో పేరుతో సహా, తేదీతో సహా షరతుల్లో ఉండాలి.