పాత ఇంటి గోడకు ఇన్సులేషన్ – మూడో పాఠం: ముందు నీళ్లు, తర్వాత గాలి

గోడ లోపల ఏముందో ఎలా చూడాలో పోయిన పాఠంలో తెలుసుకున్నాం. న్యూజెర్సీలో 1930కి ముందు కట్టిన చెక్క ఇళ్లలో చాలావాటికి లోపల ప్లాస్టరు, బయట చెక్క పలకలు, మధ్యలో సుమారు నాలుగంగుళాల ఖాళీ ఉంటాయి. ఆ ఖాళీలోకి సెల్యులోజ్ (కాగితం తురుముతో చేసిన ఇన్సులేషన్) ఊదిస్తే చలీ తగ్గుతుంది, గ్యాస్ బిల్లూ తగ్గుతుంది. మరి తొంభై ఏళ్లు నిలిచిన గోడ ఆ తర్వాత ఎందుకు కుళ్లుతుంది?

లెక్క వేసి చూద్దాం. ఇంట్లో 21 డిగ్రీల సెల్సియస్, తేమ 40 శాతం అనుకోండి. ఆ గాలి 7 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీళ్లు పడతాయి. బయట మైనస్ 4 ఉన్న రాత్రి, ఖాళీ గోడలో బయటి పలక లోపలి ముఖం 7, 8 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంట్లోంచి పోయే వేడే దాన్ని పొడిగా ఉంచుతోంది. ఇన్సులేషన్ నింపాక అదే పలక సున్నా కిందికి దిగుతుంది. అంటే మీరు డబ్బు పెట్టి ఆపిన వేడే ఇన్నాళ్లూ ఆ చెక్కను ఆరబెట్టింది.

కాబట్టి గోడలోకి నీళ్లు వెళ్లే దారులు ముందు మూయాలి. అన్నిటికంటే పెద్దది వాన. కిటికీల పైన ఫ్లాషింగ్ (వాననీటిని బయటికి మళ్లించే రేకు), కప్పు అంచు గట్టర్లు, గోడ మొదట్లో మట్టి వాలు సరిచేయకుండా ఇన్సులేషన్ మాటే ఎత్తకండి. బయట పెయింటు పొక్కులు లేచిన చోట గోడ ఇప్పటికే తడుస్తోందని అనుమానించాలి.

రెండోది గాలి. ప్లాస్టరు గుండా మెల్లగా ఇంకే ఆవిరి కంటే, స్విచ్ పెట్టెల చుట్టూ, స్కర్టింగ్ కింద సందుల్లోంచి దూరే గాలి ఎన్నో రెట్లు తేమ మోస్తుంది. ఆ సందులను కాక్‌తో (సందులు పూడ్చే మెత్తటి పేస్టుతో) మూయండి. ఈ కాలపు ఇళ్లలో చాలావాటికి గోడ ఖాళీ బేస్‌మెంట్ నుంచి అటకదాకా ఒకే గొట్టంలా తెరిచి ఉంటుంది. రెండు చివరలా అడ్డు పెట్టాలి, లేకపోతే నింపిన సెల్యులోజ్ బేస్‌మెంట్‌లోకి జారుతుంది.

ఇక మన వంటిళ్లు. ఇడ్లీ, అన్నం, పప్పు, రసం అన్నీ ఆవిరే. చలికాలం కిటికీలు తెరవం, బట్టలు లోపలే ఆరేస్తాం. స్టవ్ పైన ఉన్న ఫ్యాన్ గాలిని వడకట్టి మళ్లీ వంటింట్లోకే వదిలే రకమైతే లాభం లేదు. గొట్టం బయటికి వెళ్లాలి. స్నానాల గది ఫ్యాన్ అటకలోకి వదులుతోందేమో ఎక్కి చూడండి.

లోపలి వైపు ప్లాస్టిక్ షీటు కొడదామని ఎవరైనా అంటే నేనైతే వద్దంటాను. వేసవిలో ఏసీ నడిచేటప్పుడు బయటి తేమ లోపలికి వస్తూ ఆ షీటు దగ్గరే ఆగిపోతుంది. ఈ వాతావరణంలో సందులు మూసిన పాత ప్లాస్టరు మీద మామూలు లేటెక్స్ పెయింటు చాలు.

ఒక హెచ్చరిక: పింగాణీ గుబ్బల మీద నడిచే పాత వైరింగు ఇంకా పనిచేస్తుంటే గోడ నింపకూడదు. దాని వేడి పోవడానికి చుట్టూ గాలి కావాలి. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఈ వారం అభ్యాసం: తేమ మీటరు ఒకటి వంటింట్లో, ఒకటి పడకగదిలో పెట్టి పొద్దున, రాత్రి అంకెలు రాయండి. చలి రోజుల్లో తరచూ 40 దాటితే, నాలుగో పాఠానికి ముందే ఫ్యాన్ల పని పూర్తిచేయండి.