ఎచింగ్ టబ్బు పెట్టే ముందు పక్క టేబుల్ వాళ్లను లెక్కలోకి తీసుకోండి

నల్లగొండలో మా మడిగె పొడవు ఇరవై అడుగులు. ముందు భాగంలో మోటార్ వైండింగ్, మధ్యలో ఇన్వర్టర్లు, టీవీ బోర్డుల రిపేరు, వెనక గోడ దగ్గర నేను. బోరు మోటార్ల ఆటో స్టార్టర్లకూ, ట్యాంకు నిండగానే మోటారు ఆపే కంట్రోలర్లకూ చిన్న సర్క్యూట్ బోర్డులు చేస్తుంటాను. అద్దె ముగ్గురం పంచుకుంటాం. మార్చి వచ్చిందంటే కాలేజీ పిల్లలు కూడా ప్రాజెక్టులు పట్టుకుని వస్తారు. ఎండలు ముదిరేదీ అప్పుడే, "అన్నా, బోర్డు మనమే ఎచింగ్ చేసుకుందాం" అని అడిగేదీ అప్పుడే.

ఎచింగ్ అంటే రాగి పొర ఉన్న బోర్డును మందులో ముంచి, అక్కర్లేని చోట రాగిని కరిగించేయడం. చేసేవాడికి టబ్బులో ఏముందో తెలుసు కాబట్టి కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటాడు. తెలియనిది పక్కవాళ్లకు. నేను మొదట్లో ఆ సంగతి పట్టించుకోలేదు. రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం ఉన్న టబ్బును మూత లేకుండా కింది అరలో పెట్టి, పని అయిపోయిందని ఇంటికి పోయాను. దాని పై అరలో వైండింగ్ అన్న పనిముట్లు ఉండేవి. రెండు వారాలకు ఆయన వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే ఇనుప స్కేలు) తీసి చూస్తే స్కేలు మీద అంకెలు కనిపించట్లేదు, అంతా ఎర్ర తుప్పు. "ఏం తమ్మీ, నా వెర్నియర్ పాణం తీసినవ్ గదా" అన్నాడు. కొత్తది కొనిచ్చాను. ఆ ద్రావణం నుంచి చాలా కొద్దిగానైనా ఆమ్లపు ఆవిరి వస్తుందనీ, మూసిన గదిలో ఇనుము మీద దాని పని అది చేసుకుపోతుందనీ నాకు అలా తెలిసింది.

అందుకని ముందు జాగా చూసుకోండి. పనిముట్లు, కంప్యూటర్, వైండింగ్ వైరు ఉన్నచోటికి ఎంత దూరమైతే అంత మంచిది. వెనక తలుపు బయట రేకుల నీడ ఉంటే అదే సరైన చోటు. లోపలే పెట్టక తప్పకపోతే బయటికి గాలి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పక్కన పెట్టండి, అదీ నడిచే దారిలో వద్దు. టబ్బును నేరుగా టేబుల్ మీద పెట్టకుండా దానికంటే పెద్ద ప్లాస్టిక్ ట్రేలో పెట్టాలి. టబ్బు పగిలినా, ఒరిగినా మొత్తం ద్రావణం ఆ ట్రేలోనే పట్టాలి. స్టీలు గిన్నెలు, స్టీలు సింకు పనికిరావు. స్టీలుకు తుప్పు పట్టదని మనవాళ్లకు గట్టి నమ్మకం, కానీ ఫెర్రిక్ క్లోరైడ్ స్టీలుకు కూడా గుంటలు పెడుతుంది. ఇత్తడి నల్లాను తినేస్తుంది. చేతికి రాగి కడియం ఉంటే తీసి జేబులో వేసుకోండి, రాగిని కరిగించడమే దాని పని.

ఇక ఏ మందు వాడాలి? హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే రెండు మూడు నిమిషాల్లో బోర్డు అయిపోతుందని వీడియోలు చూసి వస్తారు. అవడం నిజమే. దాంట్లోంచి క్లోరిన్ కూడా వస్తుంది. పైగా ఎండకు పెరాక్సైడ్ విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది, మూత బిగించిన సీసా పగిలిపోతుంది. నలుగురు ఊపిరి పీల్చే గదిలో దాన్ని నేను రానివ్వను. నా మాట ఫెర్రిక్ క్లోరైడే. మరకలు పడతాయి, నిదానంగా పని చేస్తుంది, అయినా మనకు అదే నయం.

కలిపేటప్పుడు నీళ్లలో పౌడరు వేయాలి. పౌడరు మీద నీళ్లు పోయకూడదు. అర లీటరు నీళ్లకు 200 నుంచి 250 గ్రాములు, చెంచాతో కొద్దికొద్దిగా, ప్లాస్టిక్ కడ్డీతో కలుపుతూ. నల్లటి పొడి రకమైతే నీళ్లు తగలగానే బాగా వేడెక్కి ఆవిరి కొడుతుంది. పసుపు గడ్డల రకం అంత వేడెక్కదు. పుస్తకాల్లో ద్రావణాన్ని 40, 45 డిగ్రీలకు వేడి చేయమని ఉంటుంది. మనకు మేలో ఎండే 44, 45 దాటే రోజులుంటాయి, రేకుల కింద ఇక చెప్పనక్కర్లేదు. హీటరు జోలికి పోకండి. ఎండాకాలంలో ఈ పని పొద్దున్నే, ఎనిమిదిన్నర లోపు ముగించుకోవడం ఉత్తమం. చెమట పట్టిన ముఖాన్ని గ్లవ్స్ చేత్తో తుడుచుకోవడం మధ్యాహ్నం పూటే జరుగుతుంది.

ద్రావణంలో బుడగలు రావడానికి అక్వేరియం గాలి పంపు పెట్టుకునేవాళ్లకు ఒక మాట. పంపు టబ్బు కంటే ఎత్తులో ఉండాలి. కింద ఉంటే కరెంటు పోగానే ద్రావణం పైపులోంచి వెనక్కి పారి పంపులోకి, అక్కడి నుంచి ప్లగ్గులోకి చేరుతుంది. మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరు చెప్పగలరు? పైపుకు ద్రావణాన్ని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు వేయండి, ఆ కరెంటు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్ పెట్టించండి, కరెంటు లీకైతే అది లైను ఆపేస్తుంది.

ఇప్పుడు సీసాల సంగతి. ఫెర్రిక్ క్లోరైడ్ అచ్చం చిక్కటి డికాషన్ రంగులో ఉంటుంది. ఒక పిల్లాడు మిగిలింది పారేయడం ఎందుకని ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో పోసి, మంచినీళ్ల క్యాను పక్కన పెట్టి వెళ్లాడు. మరునాడు మధ్యాహ్నం ఇన్వర్టర్ అన్న బయటి నుంచి వచ్చి, దాహం మీద ఆ సీసా అందుకుని మూత తిప్పాడు. ఘాటైన వాసన వచ్చి ఆగాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి మా దగ్గర తాగే వస్తువుల సీసాలో ఏ కెమికలూ ఉండకూడదు, అది డిస్టిల్డ్ వాటర్ అయినా సరే. తెల్లటి మందపాటి ప్లాస్టిక్ డబ్బా, దాని మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "విషం, రాగి తినే మందు", కింద కలిపిన తేదీ. ఇంగ్లిషులో రసాయనం పేరు రాస్తే మడిగె ఊడ్చే అమ్మకు ఏం అర్థమవుతుంది? ఆమెకు ఇంకో మాట కూడా నోటితోనే చెప్పాలి. గచ్చు మీద పసుపు మరక కనిపిస్తే బ్లీచింగ్ పౌడర్ చల్లొద్దమ్మా, క్లోరిన్ లేస్తుంది, నన్ను పిలువు అని.

కళ్లద్దాలు గాగుల్స్ కావు, పక్కల నుంచి చుక్క లోపలికి పోతుంది. నైట్రైల్ గ్లవ్స్, మూసిన చెప్పులు, పాత చొక్కా. బోర్డు కోసేటప్పుడు మాస్కు వేసుకుని తడిపి కోయండి, బోర్డులో ఉండే గాజు నార దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా కడగాలి. నిమిషానికి లీటరున్నర చొప్పున చూసినా 22 లీటర్ల పైనే. అంటే ఒక్క 20 లీటర్ల క్యాను చాలదు, రెండుండాలి, రెండూ నల్లా ఉన్నవే. మిద్దె మీది ట్యాంకు నీళ్లున్నాయి కదా అంటారు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఆ నల్లా కింద చెయ్యి పెట్టి చూడండి, కాలిపోతుంది. ఆ నీళ్లతో కన్ను కడుగుతారా? అందుకే క్యాన్లు నీడలో ఉంచండి, వారానికోసారి నీళ్లు మార్చండి. చర్మం మీద పడినా, కంట్లో పడినా నీళ్లే, సోడా పొడి రుద్దడం వద్దు. మింగితే కక్కించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేసి, పౌడరు కొన్న డబ్బా మీది కాగితం డాక్టరుకు చూపించండి.

అందరూ దాటేసే విషయం వాడేసిన మందు. మోరీలో పోసేస్తే పీడ పోయిందనుకుంటారు. దాంట్లో కరిగిన రాగి చేపలకు విషం. మన మోరీలు ఎక్కడికి పోతాయో, ఇంకుడు గుంత పక్కనే ఎవరి బోరు ఉందో ఒకసారి చూసుకోండి. ఫ్లోరైడ్ నీళ్లతో ఇన్నేళ్లు బాధపడ్డ జిల్లా ఇది, ఆ నీళ్లలో ఇంకో విషం మనమే కలపాలా? పని ఎక్కువేం కాదు. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసిన ఆ పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు. బకెట్లో కలిపి వదిలేస్తే మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేట మిగులుతుంది. మనం చేసేదీ దాదాపు అలాంటిదే. ద్రావణానికి మూడింతలు పెద్ద బకెట్ తీసుకుని బట్టల సోడా గుప్పెడు గుప్పెడుగా వేయాలి. బుసబుసా పొంగుతుంది, పొంగు దిగాకే ఇంకో గుప్పెడు. మొదట వేసిన పౌడరు ఎంతో, సోడా దాదాపు అంత పడుతుంది. ఆమ్లం ఎంతుందో రంగుతో చూపే పీహెచ్ కాగితం 8 దగ్గరకు వచ్చాక రాత్రంతా వదిలేయండి. పొద్దునకి అడుగున గోధుమరంగు మడ్డి ఉంటుంది. పైన తేటలో నీలం ఛాయ ఉందంటే రాగి ఇంకా ఉన్నట్టే, మరికొంత సోడా వేయాలి.

ఆ తేటను కూడా నేను మోరీలో పోయను. వెడల్పు ట్రేలో పోసి, పైన జాలీ కట్టి, మేకలూ కుక్కలూ అందుకోని చోట ఎండలో పెడతాను. రెండు మూడు రోజుల్లో ఎండే పని ముగిస్తుంది. మడ్డిని గుడ్డలో వడకట్టి, ఎండబెట్టి, మూత డబ్బాలో దాచిపెడతాను. ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రం హైదరాబాద్ అవతల దుండిగల్‌లో ఉంది, కాలుష్య నియంత్రణ మండలి వాళ్లను అడిగితే అప్పగించే దారి చెబుతారు. జూన్‌లో మొదటి వాన పడేలోపు ట్రేలు లోపలికి తెచ్చేయండి, నిండి పొర్లితే చేసిందంతా వృథా.

అసలు మందు తక్కువ ఖర్చయ్యేలా బోర్డు గీసుకోవచ్చు. 35 మైక్రాన్ల రాగి ఉన్న 10 బై 15 సెంటీమీటర్ల బోర్డు మొత్తం కరిగిస్తే నాలుగున్నర గ్రాముల పైన రాగి ద్రావణంలోకి పోతుంది. ఖాళీ జాగాల్లోని రాగిని కరిగించకుండా సర్క్యూట్ గ్రౌండ్‌గా (నెగెటివ్ లైనుగా) వదిలేస్తే అందులో సగానికి పైగా బోర్డు మీదే ఉంటుంది.

అన్నీ అమర్చుకున్నాక మొదటి రోజు మందు కలపకండి. టబ్బులో చిక్కటి టీ డికాషన్ పోసి, బోర్డు ముంచి, తీసి, కడిగి, ఆరబెట్టడం దాకా అన్నీ చేయండి, మధ్యలో ఒకసారి కరెంటు మెయిన్ కూడా ఆపండి. తర్వాత చుక్కలు ఎక్కడెక్కడ పడ్డాయో లైటు వేసి వెతకండి. మాకు టబ్బు చుట్టూ ఒక్కటీ లేదు. బోర్డును కడగడానికి నల్లా దాకా తీసుకెళ్లే దారిలో ఏడు చుక్కలు, అందులో రెండు అందరూ చెప్పులు విడిచే గడప మీద. ఆ సాయంత్రమే కడిగే బకెట్‌ను టబ్బు పక్కకు మార్చాం.