నేల ఉసిరి పనిచేస్తుందో లేదో తేల్చుకోవడం ఎలా?

విజయవాడలో ఎవరికైనా పచ్చకామెర్లని తెలిసిందంటే, రక్తపరీక్ష రిపోర్టు కంటే ముందే ఎవరో ఒకరు వేళ్లకు మట్టితో సహా నేల ఉసిరి కట్ట తెచ్చి ఇస్తారు. దాన్ని నూరి మజ్జిగలో కలిపి పరగడుపున తాగించడం మనకు అలవాటే. ఇలాంటి మూలికల గురించి విన్న మాటను ఎలా పరీక్షించుకోవాలో ఈ ఒక్క మొక్కతోనే చూద్దాం.

ముందుగా మొక్క అదేనా అని చూడాలి. రెమ్మను తిరగేస్తే ఆకుల కింద వరుసగా చిన్న కాయలు కనిపిస్తాయి. కాయలు నున్నగా ఉండి, సన్నని తొడిమలతో వేలాడుతుంటే అది ఫిల్లాంథస్ అమారస్ కావచ్చు. బుడిపెలతో గరుకుగా ఉండి, తొడిమ దాదాపు లేకుండా రెమ్మకే అంటుకుని ఉంటే అది ఫిల్లాంథస్ యురినేరియా అనే మరో జాతి. పల్లెల్లో రెండింటినీ నేల ఉసిరి అనే పిలవడం కద్దు. అనుమానముంటే ఇక్కడి డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వంటి చోట ద్రవ్యగుణం (మూలికల గుర్తింపు, గుణాల శాస్త్రం) బోధించేవారికి చూపించడం మేలు. మురుగు కాలువ గట్టున పెరిగిన మొక్కను మాత్రం, ఏ జాతిదైనా సరే, ముట్టకపోవడమే మంచిది.

తరువాత, జబ్బు దానంతటదే తగ్గేదేనా అని అడగాలి. కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ చాలామందిలో కొన్ని వారాల్లో మందు లేకుండానే తగ్గిపోతుంది కాబట్టి, పసరు తాగినవారికి తగ్గిందన్న మాటతో పాటు తాగనివారికి ఎన్నాళ్లకు తగ్గిందో కూడా తెలియాలి. నా లెక్కలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. తాగనివారి సంగతి మన ఇళ్లలో ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఆ పోలికను 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి వైరస్‌ను మోస్తున్నవారిపై చేసి, ఫలితాలను లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. ముప్పై రోజులు అమారస్ తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తంలో ఆ వైరస్ ఉపరితల యాంటిజెన్ (వైరస్ ఒంట్లో ఉందని తెలిపే గుర్తు) కనిపించకుండా పోగా, పోలిక కోసం ఇచ్చే ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ఇంతటి తేడా చూసి ఎవరికైనా ఆశ కలుగుతుంది. కానీ 1990లో థాయ్‌లాండ్‌లో చేసిన ప్రయత్నంలో ఆ ఫలితం రాలేదు. అందుకే ఏ పరిశోధనను ఉదహరించినా, ఎంతమందిపై చేశారు, ఉత్తుత్తి మందుతో పోల్చారా, ఏ జబ్బుకు, మరొకరు చేసినప్పుడూ అదే వచ్చిందా అని వరుసగా అడగాలి. హెపటైటిస్ బి మీద చేసిన పరీక్షను హెపటైటిస్ ఎ కామెర్లకు రుజువుగా చూపడం చెల్లదు.

పరీక్షిస్తే అనుకోనిదీ బయటపడవచ్చు. పెరట్లో పూసే బిళ్ళగన్నేరును 1950లలో కెనడాలో మధుమేహం కోసం పరిశీలించగా, అది ఎలుకలలో తెల్ల రక్తకణాలను తగ్గిస్తోందని తేలింది. క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్ ఆ దారిలోనే వచ్చింది. ఆ ఆకును ఇంట్లో నమలకూడదని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

ఇన్ని చూశాక కూడా పసరు తాగాలనుకుంటే వైద్యుడికి చెప్పే తాగాలి, బిలిరుబిన్ (కామెర్ల తీవ్రత తెలిపేది), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు తెలిపేది) పరీక్షలు మానకూడదు. మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా, వాంతులు ఆగకున్నా, రోగి గర్భిణి అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వాడిన మొక్క రెమ్మనొకటి, కాయలతో సహా, పాత పేపరు మధ్య నొక్కిపెట్టి తేదీ రాసి వెంట తీసుకెళ్తే, లోపలికి ఏం వెళ్లిందో వైద్యుడికి ఊహించాల్సిన పని తప్పుతుంది.